మాటలలోని మగటిమి

ఒక జాతి దేనిని ధైర్యమని పిలుచుచున్నదో తెలిసికొన్నచో, ఆ జాతి దేనికి వెఱచుచున్నదో కూడ తెలిసికొనవచ్చును. ధనమునకును ధాన్యమునకును లెక్క వ్రాసి పెట్టుకొనువారు ఊరూర గలరు. మాటలకు లెక్క చూచువారు అరుదు. తాతలనాడు నిండుగా మ్రోగిన మాట మనుమలనాటికి బోలుపడినను, అది చెల్లని నాణెమని తీసి ప్రక్కన బెట్టువా రుండరు. ఆ నాణెమే చేతులు మారుచుండును. అందువలన శౌర్యమును, మగటిమిని, పెద్దఱికమును దెలుపు పాత ఇంగ్లీషు మాటలను, వానితోపాటు మన మాటలను, ఒకమాఱు గీటురాతిపై గీచి చూడ నెంచినారము.

ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము 1914లో విజయవాడలో పుట్టినది. ఆ కాలమున కృష్ణాతీరమున వెలసిన పఠనమందిరములలో తెలుగు పత్రికల ప్రక్కనే ఇంగ్లీషు గ్రంథములును చేరినవి. స్కాటు నవలలు, మెకాలే వ్యాసములు, టెన్నిసను కావ్యములు చదివి పెరిగిన విద్యావంతుల నాలుకలపై కొన్ని మాటలు నాట్యమాడెడివి: షివల్రీ, గాలంట్రీ, వేలర్, మాగ్నానిమిటీ, మెటిల్, ప్లక్, మాన్లీనెస్, నోబిలిటీ. నేడు ఈ మాటలు ఇంగ్లీషునందే ముసలివైపోయినవి. వేలర్ స్మారకశిలలమీద నిలిచినది. గాలంట్రీ ప్రభుత్వ పతకముల ప్రకటనలలో ఉద్యోగము చేయుచున్నది. షివల్రీ యన్నచో, వెనుక వచ్చు స్త్రీకై తలుపు తెఱచి పట్టుకొనుట యని తలచి యువకులు నవ్వుకొందురు. మాన్లీనెస్ అను మాటను పలుకుటకే పలువురు సంకోచించుచున్నారు. అయినను ముసలివారికడ వంశచరిత్ర దొరకునట్లు ముసలిమాటలకడ మానవుల మనశ్చరిత్ర దొరకును. దానిని విన్న తరువాత వానిని సాగనంపవచ్చును.

వాని పుట్టుక ఎట్టిదో చూడుడు. కరేజి అను మాట లాటినులో హృదయమునకు గల పేరునుండి ఫ్రెంచి భాషమీదుగా వచ్చినది. మనమును ధైర్యవంతుని 'గుండెగలవా'డనియే చెప్పుదుము. ప్లక్ కసాయివాని మాట. కోసిన జంతువు గుండెను, కాలేయమును, ఊపిరితిత్తులను కలిపి వాడు పిలిచెడి పేరు. అది క్రమముగా మనుష్యుని గుండెనిబ్బరమునకు పేరైనది. మెటిల్ అనునది లోహమునకు గల పేరే. వ్రాత మారి, మనుష్యుడు ఏ లోహముతో చేయబడినాడో తెలుపు మాటయైనది. మనకు లోహముకంటె చెట్టు దగ్గఱ. మ్రాను నడుమ గట్టిపడిన పాలును మనవారు చేవ యనిరి. చేవగల కఱ్ఱ చెదలు పట్టదు. చేవగల మనిషియు నంతే. షివల్రీ యనగా మొదట గుఱ్ఱపు రౌతుల వృత్తి. 'రౌతు కొద్దీ గుఱ్ఱము' అను మన సామెత ఆ వృత్తిలోని మర్మమును మూడు మాటలలో చెప్పివేసినది.

వీటన్నిటిలో మాకు మిక్కిలి ప్రియమైనది నైట్ అను మాట. రాజు కత్తితో భుజము తాకి 'సర్' అని పిలిచిన మహావీరునకు ఈ పేరు చెల్లుచున్నది. కాని ప్రాచీన ఇంగ్లీషులో ఆ మాటకు బాలుడు, సేవకుడు అని అర్థము. సేవకుని పేరు వీరుని పేరైనది! ఇది వింతగా తోచినచో మన బంటును తలచుకొనుడు. బంటనగా సేవకుడు, బంటనగా వీరుడు. హనుమంతుని రామబంటని పిలిచినపుడు తెలుగువాడు ఈ రెండర్థములను వేఱుచేయడు. సముద్రము దాటినవాడును, కొండ నెత్తినవాడును, చేతులు జోడించి నిలుచున్నవాడును ఒక్కడే. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి ఆంధ్రదేశము! ఒకరినొకరు చూడక ముందే ఈ రెండు జాతులును ఒక్క సత్యమును కనుగొన్నవి. తనకంటె పెద్దదైన దానికి ఊడిగము చేయువానికే శౌర్యము అమరును. ఈ వ్యాసములో మేము చెప్పదలచిన మాట యిదియే. తక్కినదంతయు దీనికి సాక్ష్యము.

ఊడిగము నెడబాసిన శౌర్యపదమునకు ఏమి గతి పట్టునో మన భాషయే చూపుచున్నది. వీరము అను సంస్కృతపదము తెలుగుగడ్డపై బీరమైనది. పూర్వకవులకడ బీరమనగా పరాక్రమమే. నేడు 'బీరములు పలుకుచున్నా'డన్నచో డంబములు కొట్టుచున్నాడని అర్థము. ప్రగల్భుడనగా సంస్కృతమున సభలో జంకులేనివాడు, ప్రౌఢుడు; మన ప్రగల్భములో వట్టి కోతలు. పౌరుషమనగా దైవముపై భారము వేసి కూర్చుండక మనుష్యుడు చేయు ప్రయత్నము. నేడో, ఎవడైన ఒక మాట అన్నప్పుడు ముక్కుమీదికి వచ్చు కోపమునకు పౌరుషమని పేరు. ఔదార్యమనగా మనసు యొక్క ఔన్నత్యము. నేడు చందాపుస్తకములో అంకె. ఇంగ్లీషు జెనెరస్ అను మాటయు నిట్లే ఉత్తమ జన్మమునుండి దాతృత్వమునకు దిగివచ్చినది. దిగి వచ్చుటలో తప్పులేదు, దానమైన మిగిలినది. బీరమునకు అదియు మిగులలేదు.

ఒక్క మాట మాత్రము ఎదురు నడచినది. ధర్మశాస్త్రములలో సాహసమనగా బలాత్కారముతో చేసిన నేరము, దండనకు తగినది. నేడు పిల్లలకు సాహసగాథలు చదివి వినిపించుచున్నాము. ఇందుకు మేము విచారింపము గాని, పాత యర్థమును మఱచిపోవలదని మనవి. నేరమునకును వీరకృత్యమునకును ఒకే పేరు అమరిన దనగా, రెండింటిలోను తెగువ యుండును గాని తెగువ యొక్కటియే ఏది మంచిదో తేల్పజాలదని మన పెద్ద లెఱిగియుండి రన్నమాట.

ఇక ఈ ఇంగ్లీషు మాటలు మనయింటికి ఏ వేషమున వచ్చినవో చూతము. రాబర్టు నోబుల్ అను మిషనరీ 1843లో మచిలీపట్టణమున పాఠశాల నెలకొల్పెను. అదియే నోబుల్ కళాశాలయైనది. నోబుల్ అనునది ఆయన యింటిపేరు. నిఘంటువున చూచినచో ఉదాత్తుడని అర్థము. ఇంగ్లీషు విద్య డెల్టాకు ఉదాత్తత యను పేరుగల గుమ్మమునుండి వచ్చినదన్నమాట. దానివలన మేలు జరుగలేదని మేమనము. మంచి గురువులును వచ్చిరి, మంచి శిష్యులును వచ్చిరి. కాని పుస్తకములతోపాటు ఒక కొలబద్దయు వచ్చినది. 1841లో వారన్ హేస్టింగ్సునుగూర్చి వ్రాసిన వ్యాసమున మెకాలే వంగదేశీయుల నందఱను పిఱికివారనియు, ఆడంగులనియు చిత్రించెను. ఇంగ్లీషు శైలికి మాదిరి యని మన పిల్లలచే చదివింపబడిన రచయిత యాతడు. వాక్యముల సొగసును నేర్చుకొనుచు అందలి అవమానమునుకూడ బాలురు కంఠస్థము చేసిరి. షివల్రీ వారిది, భీరుత్వము మనది. మాన్లీనెస్ వారిది, మెత్తదనము మనది. ఇదియే ఆ పాఠముల సారాంశము.

ఈ కొలబద్ద ఎంత నమ్మదగినదో తెలుగువారి పేరే సాక్ష్యమిచ్చుచున్నది. పదునెనిమిదవ శతాబ్దమున కుంపిణీవారు మద్రాసు సీమనుండి సిపాయిలను వంగదేశమునకు కొనిపోయిరి. వారిలో తెలుగువా రుండుటచే, ఉత్తరహిందూస్థానమున కుంపిణీ సిపాయికి 'తిలంగా' అని పేరు పడెను. క్రమముగా ఆ పేరు దేశభేదము లేక సిపాయిల కెల్లరకును చెల్లెను. 1857లో ఢిల్లీలో తిరుగబడిన సిపాయిలనుకూడ, వారు అవధ్ రైతుబిడ్డలైనను, జనులు తిలంగాలనియే పిలిచిరి. ఒక జాతి పేరు సైనికుడను అర్థమున పరభాషలో నిఘంటుపదమగుట సామాన్యమా! అట్టి జాతినిగూర్చి నూఱేండ్లు దాటీదాటకముందే కొలత మారినది. 1881 మొదలు 1885 వఱకు మద్రాసు సేనకు అధిపతిగా నుండిన రాబర్ట్సు, దక్షిణాదివారు యుద్ధమునకు తగినవారు కారని తలచెను. యోధజాతులని కొన్నిటిని, కానివని కొన్నిటిని విభజించిన సిద్ధాంతము ప్రబలెను. ఆ శతాబ్ద్యంతమునకు సేనలో తెలుగువారి చేరిక బొత్తిగా క్షీణించెను. రక్తము మారినదా? ఎముకలు మారినవా? మారినది కొలుచువాని యవసరము. తన పనికి వచ్చినన్నాళ్లు తిలంగా వీరుడు. పని తీరిన పిదప వాడు సాధుజంతువు.

మఱియొక చమత్కారమును గమనింపుడు. బహదూరు అను మాట మంగోలులనుండి, తురుష్కులనుండి పారసీకముమీదుగా వచ్చినది, శూరుడని అర్థము. గుఱ్ఱపుదండులు నడపినవారి బిరుదమది. దానిని ఆంగ్లప్రభుత్వము రావు బహదూరు, దివాను బహదూరు అని కత్తిరించి పెద్దయుద్యోగులకును, తన మాటకు ఎదురాడని జమీందారులకును, వకీళ్లకును పంచిపెట్టెను. ఆ బిరుదులు పొందినవారిలో విద్వాంసులు గలరు, దాతలు గలరు. వారిని నిందించుట మా యుద్దేశము కాదు. కాని శూరుడను పేరు విధేయతకు బహుమానమగుట భాషకు జరిగిన అన్యాయము కాదా? అనవలసినవాడు అనకున్నందుకు శూరుడు! లేచి నిలువవలసినవాడు కూర్చున్నందుకు శూరుడు! బంటు రాముని విడిచి జీతమునకు కుదిరినచో బహదూరగును.

ఈ బోలుమాటలలో మరల ప్రాణము పోసినది పండితులు కారు. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో విజయవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనది. మచిలీపట్టణమునకు చేరువనున్న భట్లపెనుమఱ్ఱున పుట్టిన పింగళి వెంకయ్యగారు జాతీయపతాక నమూనాను గాంధీజీకి సమర్పించినది ఆ సందర్భముననే. ఆ యేడే చీరాల పేరాల ప్రజలు, తమకు వలదన్న పురపాలకసంఘమును తమపై రుద్ది పన్నును పలురెట్లు పెంచినందుకు, ఊరినే విడిచిపెట్టిరి. ఇంచుమించు పదునైదువేల జనాభాలో అత్యధికులు ఇండ్లు వాకిళ్లు వదలి, ఊరి వెలుపల రామనగరమను పాకలపల్లె కట్టుకొని, ఎండకును వానకును ఓర్చి సుమారు పదునొకండు నెలలు గడపిరి. వారిని నడపినవారు కృష్ణామండలము పెనుగంచిప్రోలున పుట్టి ఎడింబరోలో ఎం.ఏ. చదివివచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. షివల్రీ యను మాటను మనకు పంపిన ద్వీపముననే చదివివచ్చిన ఆ పండితుడు తన దళమునకు ఏమి పేరు పెట్టెను? రామదండు! ఊడిగమును వీరమును ఒక్క మాటలో ఇమిడ్చిన పేరది. మాటయొక్క పాతగని ఎక్కడనున్నదో ఆయన ఎఱుగును.

ఇంటికి తాళమువేసి బయలుదేఱిన చేనేతవాని యందు గాలంట్రీ యున్నదా? ఆ మాటకు మొదట సొగసుకాడని అర్థము. వానివద్ద ఆ సొగసు లేదు. వేలరున్నదా? వాడు కత్తి పట్టలేదు. కాని వానియందు చేవ యున్నది, దిటవున్నది, అన్నిటికంటె తెగువ యున్నది. తెగువ యను మాట తెగుటనుండి పుట్టినది. ఇంటిపై మమత తెగినప్పుడు, కూటిపై బెంగ తెగినప్పుడు మిగులునదే తెగువ. ఎదుటివానిని తెగనఱకుట దానిముందు సులభము.

1930లో ఉప్పు సత్యాగ్రహమునాడు మచిలీపట్టణము కోనేరు కూడలిలో తోట నరసయ్యనాయుడుగారు మువ్వన్నెల జెండాను ఎత్తబోయి, పోలీసుల లాఠీలక్రింద స్పృహ తప్పువఱకు దెబ్బలు తినెను గాని జెండాను విడువలేదు. తొమ్మిదేండ్లక్రింద విజయవాడలో కాగితముమీద, బట్టమీద రూపుదిద్దుకొన్న పతాకము ఆనాడు ఒక మనుష్యుని వ్రేళ్లలో నిలిచినది. దీనికి రెండేండ్లముందు, 1928 ఫిబ్రవరి 3వ తేదీన, మద్రాసులో సైమను సంఘబహిష్కారమునాడు టంగుటూరి ప్రకాశం పంతులుగారు తుపాకులయెదుట ఱొమ్ము చూపిరి. ప్రభుత్వము వారికి బహదూరు బిరుదమీయలేదు. ప్రజలు ఆంధ్రకేసరి యనిరి. గోపాలకృష్ణయ్యగారిని ఆంధ్రరత్న మనిరి. కొండ వెంకటప్పయ్యగారిని దేశభక్త యనిరి. రెండు బిరుదవ్యవస్థలు ఒకే దేశమున ప్రక్కప్రక్కన నడచినవి. ఒకటి గెజెట్టులో అచ్చయినది, రెండవది సంతలలో పలుకబడినది. నేడు ఏ బిరుదములు జ్ఞాపకమున్నవో పాఠకులే యెంచుకొనవచ్చును. విజయవాడలో 1957లో పూర్తియైన కృష్ణ ఆనకట్టకు ప్రకాశమను పేరే గాని ఏ బహదూరు పేరును పెట్టలేదు.

మాగ్నానిమిటీ అను మాటను ఇంతవఱకు ప్రక్కకు బెట్టితిమి. లాటినున దానిని విడదీసినచో మహత్, ఆత్మ అను రెండు ముక్కలగును. ఇంగ్లీషు బడులలో మన బాలురు ఏండ్లతరబడి ఆ మాటకు అర్థము వల్లించిరి. అదే మాట మక్కికి మక్కిగా మహాత్మ యను రూపమున ఒక దుర్బలదేహునకు బిరుదమై విజయవాడ వీధులలో నడచినపుడు దానిని గుర్తుపట్టినవా రెందఱు? పగవానిని ద్వేషింపక ఎదిరించుట, దెబ్బకు వెఱవక దెబ్బ తిరిగియీయక నిలుచుట. ఇది శౌర్యము కాదని కొలబద్దవారు తీర్పు చెప్పవచ్చును. వారి నిఘంటువు మాత్రము వారికి వ్యతిరేకముగ సాక్ష్యమిచ్చుచున్నది.

ఇచ్చట ఒక ఆక్షేపణ రాగలదు. మగటిమి, పౌరుషము, మాన్లీనెస్ – ఇవన్నియు మగవాని సొమ్మేనా? పౌరుషము పురుషునినుండి పుట్టినది. ఇంగ్లీషున సద్గుణమునకు గల వర్చ్యూ అను మాటయు లాటినున పురుషుడను అర్థముగల విర్ అను మాటనుండి వచ్చినది. ఆ విర్, మన వీరుడు ఏకమూలజులని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. భాషలను తీర్చినవారు మగవారగుటచే గుణములకెల్ల తమ పేరు పెట్టుకొనిరి. పిఱికివానిని మనవారు 'గాజులు తొడిగించుకొమ్మ'ని యెత్తిపొడుతురు. ఈ తిట్టునకు కాలము చెల్లి నూఱేండ్లైనది. చీరాలలో పన్ను కట్టక చెఱసాలకు పోయినవారిలో స్త్రీయు నుండెను. 1923లో కాకినాడ కాంగ్రెసునాడు ఖద్దరు ప్రదర్శన ద్వారమువద్ద స్వచ్ఛందసేవికగా నిలిచిన పదునాలుగేండ్ల దుర్గాబాయి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపివేసెను. 1930లో ఆమెయే మద్రాసున ఉప్పు సత్యాగ్రహములో చేరి చెఱకు పోయెను. గాజులచేతులు చేసిన పనికి మగటిమి యని పేరు పెట్టుట యెట్లు? కనుక మగటిమిని గౌరవముతో పాతపెట్టెలో దాచి, చేవ, దిటవు, తెగువ, నిబ్బరము అను మాటలను చేతికి తీసికొందము. వీనికి మీసములు లేవు, గాజులు లేవు. ఎవరు ఎత్తుకొన్న వారివగును.

ఇక పెద్దఱికము. జెంటిల్‌మన్ అను మాట వంశమునుండి పుట్టినది. మంచి యింట జన్మించినవాడని మొదటి యర్థము. మన ఆభిజాత్యము, కులీనత యను మాటలును అట్టివే. ఇంగ్లీషువారు క్రమముగా ఆ మాటను పుట్టుకనుండి నడతకు మరల్చిరి. ఆడినమాట తప్పనివాడే జెంటిల్‌మన్ అనిరి. మనము దానిని పెద్దమనిషి యని తెలిగించితిమి. మంచి తెలిగింపు! పెద్ద యనునది కలిమికిగాక మనిషితనమునకు విశేషణము. కాని ఆ పేరుతో మనము వ్రాసికొన్న పత్రమొకటి యున్నది. 1956 ఫిబ్రవరి 20వ తేదీన ఢిల్లీలో ఆంధ్ర తెలంగాణ నాయకులు కుదుర్చుకొన్న పెద్దమనుషుల ఒప్పందమది. ఆ నమ్మికపై ఆ యేడు నవంబరు 1న ఆంధ్రప్రదేశము అవతరించినది. ఆడిన మాటలు చెల్లలేదని తెలంగాణ ప్రజలు మొఱపెట్టిరి. 1969లో ఆ మొఱ ఉద్యమమైనది. 2014 జూన్ 2న రాష్ట్రము రెండైనది. కారణములు పెక్కు గలవు. అన్నిటిని ఇందు విచారింపబోము. కాని ఆ పత్రమునకు పూచీ యేమని యడిగినచో, చట్టము కాదు, కోర్టు కాదు, 'పెద్దమనిషి' అను ఒక్క మాట. ఆ మాటకు మనము తగినంత వెల చెల్లింపలేదు. కృష్ణకు ఈ యొడ్డున నున్న మనము ఇది వినుటకు కష్టముగా నుండవచ్చును. విననిచో మన ఆభిజాత్యము మన యింటిలోనే చెల్లునాణెమగును.

నోబుల్ అను మాటకు లాటినున మొదటి యర్థము 'ఎఱుగబడినవాడు', పదిమందికి తెలిసినవాడు. మన 'జ్ఞా' ధాతువునకు ఆ మాట చుట్టము. పేరుప్రతిష్ఠలు గలవాడే ఉదాత్తుడని ఆ ప్రాచీనులు తలచిరి. ఈ డెల్టా ఆ యర్థమును ఒప్పుకొనదు. 1977 నవంబరు 19న దివిసీమపై సముద్రము ఉప్పెనగా లేచి పదివేల ప్రాణములను బలిగొనినదని లెక్కలు చెప్పుచున్నవి. శవములను మోసి, బ్రతికినవారికి గంజి కాచి, కుళ్లిన నీటిలో రోజులతరబడి పనిచేసిన సామాన్యుల పేర్లు ఏ శిలమీదను లేవు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరము మొదలగు పేటలు మునిగినవి. ప్రకాశం బ్యారేజివద్ద కృష్ణ పదునొకండు లక్షల క్యూసెక్కులకు మించి పాఱినది. ఆనాడు ముసలివారిని భుజములపై దాటించినవారును, మేడలమీద చిక్కినవారికి పాలు, నీరు అందించినవారును తమ్ము వీరులని పిలువుడని అడుగలేదు. ఎఱుగబడనివారే నోబుల్ అని ఈ నది మనకు నేర్పినది. బంటు అను మాట ఇంకను బ్రతికియున్నదని చూపినవారు వారే.

మఱి, వీరపదములు ఎక్కడ మిక్కిలి వినబడుచున్నవి? ఎన్నికల గోడపత్రములమీద, జన్మదిన తోరణములమీద, సినిమాల పేర్లలో. ప్రతి కూడలిలోను ఒక సింహము, ఒక పులి. అడవిలో ఇన్ని లేవు. సంక్రాంతి వచ్చినచో చట్టము నిషేధించినను కోళ్ల కాళ్లకు కత్తులు గట్టి, పక్షి రక్తముతో మనుష్యుడు తన పౌరుషము నిరూపించుకొనుచున్నాడు! పల్నాటి పోరునకు కోడిపందెమే నాంది యని మన వీరగాథ వినిపించుచున్నది. ఆ పోరున మిగిలినదేమో ఆ గాథయే చెప్పుచున్నది. దానిని విని ఏడ్చినవారి సంతతి అదే పందెముముందు ఈలలు వేయుట చూడ మాకు సిగ్గగుచున్నది. లంచమడిగిన యుద్యోగి యెదుట నోరు మెదపనివాడు, అన్యాయము జరుగుచుండగా కిటికీ మూసికొనువాడు, తన కోడి ఓడినందుకు పౌరుషము వచ్చి కఱ్ఱ యెత్తును. ఇదియా పురుషప్రయత్నము?

శస్త్రధారణను మేము తక్కువ చేయుచున్నామని యెవరును తలపకుందురు గాక. స్వతంత్రభారతము 1950 జనవరి 26న తన వీరులకు పతకములు ఏర్పఱచినపుడు విక్టోరియా శిలువను మాని పరమవీర, మహావీర, వీర చక్రములని తన మాటలనే యెన్నుకొన్నది. 2020 జూన్ 15 రాత్రి గల్వాను లోయలో ప్రాణములర్పించిన కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేటవాడు. ఆయన నడపినది బీహారు దళము. ఆయనకు మరణానంతరము మహావీరచక్రము వచ్చినది. యోధజాతులని గీచిన గీతను ఒక తెలుగువాడు తన రక్తముతో తుడిచివేసినాడు. ఆ గీత గీచినవారి మాటను నేడు వారి దేశముననే ఎవరును సమర్థింపరు. ఆయనయు బంటే, తనకు పెద్దదైన దాని ఊడిగమున నిలిచినవాడే. కత్తి పట్టినను పట్టకున్నను ఈ లక్షణము మారదు.

కాబట్టి పాఠకమహాశయులకు మా విన్నపము. పఠనమందిరములలో పాత ఇంగ్లీషు గ్రంథములు దుమ్ముపట్టియున్నచో దులిపి చదువుడు. అందలి ఉదాత్తపదములను ద్వేషింప నక్కఱలేదు, కొలబద్దగా తలకెత్తుకొన నక్కఱయు లేదు. బ్రౌనుదొర మచిలీపట్టణమునను కొలువుచేసి, మన మాటలను ప్రోగుచేసి 1852లో నిఘంటువు నచ్చువేసెను. పరదేశీయుడు మన మాటలకు చేసిన ఆ సేవను తలచుకొని, ఆ మాటలను పాడుచేయకుండుటకైన మనము పూనుకొందము. సభలో ఒకని వీరుడని పిలుచుటకుముందు వాడు ఎవరికి బంటో అడుగుడు. పౌరుషము వచ్చినదని లేచినవానిని ఏ ప్రయత్నమునకు లేచినాడో అడుగుడు. మీ బిడ్డలకు పులి, సింహము అను మాటలకుముందు చేవ, దిటవు అను మాటల యర్థము చెప్పుడు. చెప్పుటకు నిదర్శనములు వెదుక దూరము పోవలదు. మచిలీపట్టణము కోనేరు కూడలి యున్నది, చీరాల యున్నది, బుడమేటి గట్టున్నది. అచ్చటికి పిల్లలను తీసికొనిపోయి, ఏ మాటయు చెక్కని నేలను చూపుడు.